‘ల్యాబ్‌లో ఉద్యోగం’ అంటే ఏ ఉద్యోగం?

ఎమ్మిగనూరు దగ్గరి పల్లె నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. కొడుకు కర్నూలులో బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసి ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు. జిల్లా పేజీలో వచ్చిన వార్తను నాకు చదివి వినిపించాడు. ల్యాబ్ పోస్టులు భర్తీ చేస్తున్నారనీ, డిప్లొమా, డిగ్రీ చదివినవాళ్లకు అవకాశమనీ అందులో ఉంది. “మావోడు డిగ్రీ సదివినాడు గదా సార్, వస్తాదా?” అన్నాడు. ఏ ల్యాబ్ అని అడిగితే, “ల్యాబ్ అనే రాసినారు సార్” అన్నాడు.

అప్పటికే డీడీ తీశాడు. నెట్ సెంటర్‌లో ఫారం ప్రింటు వేయించాడు. కర్నూలుకు రెండుసార్లు బస్సెక్కి వచ్చిపోయాడు. నోటిఫికేషన్ తెప్పించి చూస్తే అవి జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కాంట్రాక్టు మీద తీసుకుంటున్న ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులు. మెడికల్ ల్యాబ్ టెక్నాలజీలో డిప్లొమా (డీఎంఎల్‌టీ) గానీ డిగ్రీ (బీఎస్సీ ఎంఎల్‌టీ) గానీ చదివి ఉండాలి. వట్టి కెమిస్ట్రీ డిగ్రీ చెల్లదు.

విలేకరి అబద్ధం రాయలేదు. డిగ్రీ వాళ్లకు అవకాశం ఉన్నమాట నిజమే. ఏ డిగ్రీ అన్న ముక్క మాత్రం జారిపోయింది. దానికి ఆ ఇంట్లో ఒక డీడీ, నాలుగు బస్సు టికెట్లు, పది రోజుల ఆశ ఖర్చయ్యాయి. ఇలాంటి ఫోన్లు కర్నూలు వైపు నుంచీ కడప వైపు నుంచీ నాకు వస్తూనే ఉంటాయి. అందుకే ల్యాబ్ ఉద్యోగం వార్తను ఎట్లా చదవాలో ఒకచోట రాసి పెడుతున్నాను.

ప్రయోగమా, పరీక్షా?

చిక్కు మాటలోనే ఉంది. మన పేపర్లు ల్యాబ్‌ను ప్రయోగశాల అంటాయి. ఆ మాట వినగానే గాజు గొట్టంలో రంగునీళ్లు ఎత్తి చూస్తున్న శాస్త్రవేత్త మనసులో మెదులుతాడు. ప్రయోగం అంటే అంతకుముందు ఎవరికీ తెలియని సంగతిని తేల్చుకోవడం. మన కర్నూలు, కడప ఉమ్మడి జిల్లాల ల్యాబ్‌లలో జరిగే పని చాలావరకు అది కాదు, పరీక్ష. ఎవరో ఎప్పుడో ఖాయం చేసిన పద్ధతిని, అవే కొలతలతో, రోజుకు ఎన్నిసార్లయినా పొల్లుపోకుండా చేయడం. వ్యవసాయ శాఖ బోర్డు ఈ విషయంలో సూటిగా ఉంటుంది. భూసార పరీక్ష కేంద్రం అని రాసుకున్నారు.

ఈ తేడా ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ముఖ్యం. కొత్తది కనిపెట్టాలన్న తపన ఉన్న పిల్లవాణ్ణి పరీక్షల బల్ల ముందు కూర్చోబెడితే ఆరు నెలల్లో విసుగెత్తి వెళ్లిపోతాడు. ఓపిక, శుభ్రత, లెక్క తప్పని చెయ్యి ఉన్న అమ్మాయి అదే బల్ల దగ్గర ముప్పై ఏళ్లు గౌరవంగా పని చేస్తుంది. వార్తలో ల్యాబ్ అని కనిపిస్తే ముందు ఈ ప్రశ్న వేసుకోండి. అక్కడ జరిగేది ప్రయోగమా, పరీక్షా?

మన దగ్గర ఎన్ని ల్యాబ్‌లు

రెండో ప్రశ్న, అక్కడికి వచ్చే శాంపిల్ ఏమిటి? రక్తమా, రాయా, నీళ్లా, మట్టా? శాంపిల్ తెలిస్తే చదువు ఏది కావాలో సగం తెలిసిపోతుంది.

కర్నూలు పెద్దాసుపత్రి, కడప రిమ్స్ మొదలుకొని పీహెచ్‌సీ దాకా ఉన్న ల్యాబ్‌లలో శాంపిల్ మనిషిది. రక్తం, మూత్రం, గళ్ల. పీహెచ్‌సీ టెక్నీషియన్ మలేరియా స్మియర్ చూస్తాడు, టీబీ అనుమానం ఉన్నవాళ్ల గళ్ల పరీక్షిస్తాడు, గర్భిణులకు హిమోగ్లోబిన్ చూస్తాడు. ఇక్కడ కావలసింది ఎంఎల్‌టీ చదువు.

ఎర్రగుంట్ల, చిలంకూరు, కమలాపురం పక్కన నల్లలింగాయపల్లె, అటు పాణ్యం, కొలిమిగుండ్ల వైపు వెళ్తే సిమెంటు ఫ్యాక్టరీలు. అక్కడి ల్యాబ్‌కు వచ్చే శాంపిల్ సున్నపురాయి, రా మీల్, క్లింకర్, సిమెంటు. షిఫ్టు కెమిస్ట్ అనే మనిషి గంటగంటకూ వచ్చే పొడిని యంత్రంలో పెట్టి సున్నం పాళ్లు చూస్తాడు. తయారైన సిమెంటును ఎన్నూరు ఇసుకతో కలిపి చిన్న ఘనాలు పోసి, మూడో రోజున, ఏడో రోజున, ఇరవై ఎనిమిదో రోజున వాటిని నొక్కి పగలగొట్టి బలం కొలుస్తారు. 53 గ్రేడ్ అని బస్తా మీద రాసే అంకె ఆ ఇరవై ఎనిమిదో రోజున ఘనం తట్టుకోవలసిన కనీస బలం, మెగాపాస్కల్‌లలో. ఎమ్మిగనూరు అబ్బాయి చదివిన బీఎస్సీ కెమిస్ట్రీకి సరిపోయే ల్యాబ్ ఇలాంటిది. అయితే ఏ, బీ, సీ అని మూడు షిఫ్టులు ఉంటాయి. సీ షిఫ్టు అంటే రాత్రంతా మేలుకోవడం. శాంపిల్ తెచ్చే సాంప్లర్ పోస్టు వేరు. అతను దుమ్ములో, కిల్న్ వేడిలో తిరగాలి. పేపర్‌లో ఇద్దరికీ ‘సిమెంటు ల్యాబ్ ఉద్యోగం’ అనే రాస్తారు.

గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లలో శాంపిల్ నీళ్లు. బోరు నీళ్ల మీద బతికే మన సీమలో ఈ పనికి విలువ ఎక్కువ. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు అని భారతీయ ప్రమాణం చెబుతుంది. ఆ దశాంశం తర్వాతి అంకెను నమ్మకంగా చెప్పడమే అక్కడి కెమిస్ట్ ఉద్యోగం.

వ్యవసాయ ల్యాబ్‌లలో మట్టి, విత్తనం, ఎరువు, పురుగుమందు. మంగంపేటలో ముగ్గురాయి సాంద్రత 4.2 ఉందా లేదా అన్నదాని మీద దాని ధర, అది నూనె బావుల డ్రిల్లింగ్‌కు పనికొస్తుందా లేదా అన్నది తేలుతుంది. అక్కడ ల్యాబ్ అంటే ఖనిజ పరీక్ష. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ గని, మిల్లు ఉన్నాయి. అక్కడి ల్యాబ్‌లో ఖనిజంలో యురేనియం పాళ్లు చూసే పని ఉంటుంది. రేడియేషన్ కొలతలు చూసే బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) విభాగం వేరు. రెండూ ‘యురేనియం ల్యాబ్’ అనే పేరుతోనే వార్తల్లోకి ఎక్కుతాయి. ఆ మాట విని కొందరు భయపడి దరఖాస్తే చేయరు. ఇంకొందరు అణు శాస్త్రవేత్త అయిపోయామనుకుంటారు.

ఆసుపత్రి ల్యాబ్‌లో ఎవరు ఎవరు?

శాంపిల్ తెలిశాక మూడో ప్రశ్న. ఆ గదిలో నా కుర్చీ ఏది? ఎక్కువ మందికి పనికొచ్చేది ఆసుపత్రి ల్యాబ్ కాబట్టి దాన్నే చెబుతాను.

అడుగున ల్యాబ్ అటెండెంట్. గాజు సామాను కడగడం, శాంపిళ్లు మోయడం, చెత్తను రంగుల వారీగా వేరు చేయడం ఇతని పని. పదో తరగతి అర్హతతో ఇలాంటి పోస్టులు వస్తుంటాయి. తర్వాత ఫ్లెబాటమిస్ట్, అంటే రక్తం తీసేవాళ్లు. ప్రైవేటు ల్యాబ్‌లు శాంపిల్ కలెక్షన్ అని ప్రకటించేది ఎక్కువగా ఈ పనికే. ఇంటింటికీ బండి మీద తిరగాలి. పెట్రోలు ఎవరిదో ముందే అడగాలి. ఊదా మూత ట్యూబు రక్తకణాల లెక్కకు, బూడిద మూత షుగర్‌కు, నీలం మూత రక్తం గడ్డకట్టే పరీక్షకు. నీలం ట్యూబులో గీత దాకా రక్తం పడకపోతే ఆ రిపోర్టే తప్పుతుంది. బయటివాళ్లకు సూది గుచ్చడంగా కనిపించే ఈ పనిలో అంత శాస్త్రం ఉంది.

ఆపైన టెక్నీషియన్. రెండేళ్ల డీఎంఎల్‌టీ గానీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు పట్టే బీఎస్సీ ఎంఎల్‌టీ గానీ చదివి, రాష్ట్రంలో పారామెడికల్ రిజిస్ట్రేషన్ చేయించుకుని ఉండాలి. ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ చేసినవాళ్లు ఆసుపత్రిలో ఏడాది అప్రెంటిస్‌షిప్ పూర్తి చేశారా అని ప్రభుత్వ నోటిఫికేషన్లు అడుగుతాయి. ఆ ఏడాదిని తేలిగ్గా తీసుకుని వదిలేసినవాళ్లు ఆఖర్లో సర్టిఫికెట్ల పరిశీలనలో బయటికి వస్తారు. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ డిగ్రీలు మంచివే. వాటి పేర్లలో ల్యాబ్ వాసన ఉంది కదా అని ఈ పోస్టుకు చెల్లుతాయనుకోవద్దు. ఏ కోర్సులు చెల్లుతాయో నోటిఫికేషన్‌లో పేరు పేరునా రాసి ఉంటుంది.

అందరికంటే పైన పాథాలజిస్ట్, మైక్రోబయాలజిస్ట్. వీళ్లు ఎంబీబీఎస్ తర్వాత పీజీ చేసిన డాక్టర్లు. పాథాలజీలో పీజీ చేసి, మెడికల్ కౌన్సిల్‌లో నమోదైన డాక్టరే ల్యాబ్ రిపోర్టు మీద సంతకం పెట్టాలని 2017 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ‘సొంతంగా ల్యాబ్ పెట్టుకోండి, డీఎంఎల్‌టీ చాలు’ అనే కోర్సు ప్రకటనలను సగం మాత్రమే నమ్మండి. ల్యాబ్‌కు రిజిస్ట్రేషన్ కావాలి, రిపోర్టు మీద సంతకానికి డాక్టర్ కావాలి. ఆ డాక్టర్ నిజంగా వచ్చి చూస్తాడా, రబ్బరు స్టాంపు మాత్రమే వస్తుందా అన్నది అందులో చేరే టెక్నీషియన్ కూడా గమనించుకోవాలి. రేపు తేడా వస్తే ముందు అడిగేది అతన్నే.

ఊళ్లో ఇంకో ఇబ్బంది ఉంది. ‘మా ఊరి అబ్బాయికి ల్యాబ్‌లో ఉద్యోగం’ అని పేపర్‌లో పడగానే ఇరుగుపొరుగు రిపోర్టులు పట్టుకుని ఇంటికి వస్తారు. “నాయనా, షుగరు ఇంతుండాది, ఏ మాత్ర మింగాల?” అని అడుగుతారు. మొహమాటానికి పోయి మందు పేరు చెబితే అది మీ పరిధి దాటిన పని. అంకె చదివి చెప్పవచ్చు, పక్కన రాసిన మామూలు హద్దులు చూపించవచ్చు. మందు మాట డాక్టర్‌ది.

వార్తలో ఆగి చదవాల్సిన మాటలు

భర్తీ: పోస్టులు మంజూరు కావడం ఒకటి, నోటిఫికేషన్ రావడం రెండు, నియామకం మూడు. మంత్రి సభలో చెప్పినది మొదటిదే కావచ్చు. నోటిఫికేషన్ నంబరు, తేదీ లేని వార్త మీద పైసా ఖర్చు పెట్టకండి.

ప్రభుత్వ ఉద్యోగం: ప్రభుత్వ ఆసుపత్రిలో పని చేయడం వేరు, ప్రభుత్వ ఉద్యోగి కావడం వేరు. రెగ్యులర్, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ మూడూ ఒకే గదిలో పక్కపక్క బల్లల మీద ఉంటాయి. అవుట్‌సోర్సింగ్ అయితే జీతం ఎవరి ఖాతా నుంచి వస్తుంది, పీఎఫ్ ఎవరు కడతారు అని అడగండి. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం రాష్ట్రంలో 2020 జూలైలో ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు. అయినా ప్రభుత్వ ఆసుపత్రి పేరు చెప్పి ఏజెన్సీల పేరుతో డబ్బు అడిగేవాళ్లు ఇంకా తిరుగుతున్నారు. పోస్టు కోసం డబ్బు అడిగారంటే అక్కడ పోస్టు లేదనే అర్థం.

కెమిస్ట్: కడప వీధుల్లో ఈ మాట మందుల షాపు బోర్డు మీద కనిపిస్తుంది. ఎర్రగుంట్లలో అది సిమెంటు పరీక్షించే మనిషి. హైదరాబాద్ పాశమైలారంలోనో, విశాఖ పరవాడలోనో అయితే ఫార్మా కంపెనీ ఉద్యోగి. ఫార్మాలో మళ్లీ రెండు. క్యూసీ కెమిస్ట్ ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు కూర్చుంటాడు. ప్రొడక్షన్ కెమిస్ట్ రియాక్టర్ల పక్కన ద్రావకాల వాసన మధ్య నిలబడతాడు. మన పిల్లలు ఎమ్మెస్సీ చదివి ‘కెమిస్ట్’ అన్న మాట చూసి వెళ్లి, చేరిన రోజున ప్రొడక్షన్ బ్లాక్‌లో తేలుతున్నారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసెన్షియా ఫార్మా కంపెనీలో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. ఎక్కడ నిలబడి పని చేయాలి, అక్కడ ఏ ద్రావకాలు ఉంటాయి అన్న ప్రశ్నలు గొంతెమ్మ కోరికలు కావు. ఆఫర్ లెటర్‌లో విభాగం పేరు రాయించుకోండి.

శాస్త్రవేత్త: ఓర్వకల్లు మండలం పాలకొలను దగ్గర డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రం ఉంది. 2025 ఏప్రిల్ 13న అక్కడ లేజర్ ఆయుధంతో డ్రోన్లను కూల్చి చూపించారు. ఆ వార్త తర్వాత ‘కర్నూలు డీఆర్‌డీవో ల్యాబ్‌లో ఉద్యోగాలు ఎప్పుడు సార్?’ అని అడిగినవాళ్లు చాలామంది. అది పరీక్ష జరిపే స్థలం. ఆ ఆయుధాన్ని తయారు చేసిన ల్యాబ్ హైదరాబాద్‌లోని చెస్. డీఆర్‌డీవోలో సైంటిస్ట్-బీకి ఇంజనీరింగ్ లేదా సైన్స్ పీజీ, గేట్ స్కోరు దారి. డిప్లొమా, బీఎస్సీ వాళ్లకు సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్, ఐటీఐ వాళ్లకు టెక్నీషియన్-ఏ. ఈ రెండూ సెప్టమ్ పరీక్ష ద్వారా దేశమంతటికీ కలిపి తీసుకుంటారు. 2022 నోటిఫికేషన్‌లో ఈ రెండు రకాలూ కలిపి 1,901 పోస్టులు వచ్చాయి. పోస్టింగ్ దేశంలో ఎక్కడైనా పడవచ్చు. ఇక జేఆర్‌ఎఫ్ అంటే పరిశోధన ఫెలోషిప్. నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం వస్తాయి, మంచి అవకాశమే. కానీ అది గడువున్న ఫెలోషిప్. ‘డీఆర్‌డీవో శాస్త్రవేత్తగా ఎంపిక’ అని పేపర్‌లో పడితే పెళ్లి సంబంధాల దాకా పోతుంది, గడువు ముగిశాక సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

చదువరికీ నష్టమే

ఈ అస్పష్టత ఉద్యోగార్థులనే కాదు, మామూలు పాఠకుణ్ణీ తికమక పెడుతుంది. 2020 డిసెంబర్ మొదటి వారంలో ఏలూరులో వందల మంది మూర్ఛ వచ్చి పడిపోయారు. ‘ల్యాబ్‌లో తేలింది’, ‘ల్యాబ్‌లో ఏమీ తేలలేదు’ అని రోజుకో వార్త వచ్చింది. నిజానికి శాంపిళ్లు అనేక చోట్లకు వెళ్లాయి. ఢిల్లీ ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ చూసింది. హైదరాబాద్ సీసీఎంబీ చూసేది సూక్ష్మజీవుల జన్యువులను. జాతీయ పోషకాహార సంస్థ ఆహారాన్ని చూసి పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపింది. ఎవరి బల్ల మీద ఏ శాంపిల్ ఉందో వాళ్లు దాని గురించే చెప్పగలరు. ఒకచోట వైరస్ కనిపించలేదంటే నీళ్లు మంచివని అర్థం కాదు. ఆ మాటలన్నింటినీ ‘ల్యాబ్’ అనే ఒక్క సంచిలో వేసేసరికి జనానికి భయం మిగిలింది, అర్థం మిగల్లేదు.

నోటిఫికేషన్ చేతికి వచ్చాక

వార్త చదివి ఆగిపోవద్దు. జిల్లా వెబ్‌సైట్‌లో గానీ, డీఎంహెచ్‌వో కార్యాలయం నోటీసు బోర్డు మీద గానీ అసలు కాగితం చూడండి. కర్నూలు నుంచి 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరుపడింది, కాబట్టి నోటిఫికేషన్ పాత ఉమ్మడి జిల్లాకా, కొత్త జిల్లాకా అన్నది మొదటి పేరాలోనే చూసుకోండి. తర్వాత అర్హతల పేరా, లోకల్ నిబంధన, వయసు, చివరి తేదీ, ఈ వరుసలో.

మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కాంట్రాక్టు పోస్టులకు ఈ మధ్య కాలంలో రాత పరీక్ష లేకుండా మెరిట్ లెక్క వేస్తున్నారు. సాధారణంగా నూటికి 75 అర్హత కోర్సు మార్కులకు. కోర్సు పూర్తయిన ఏడాది నుంచి లెక్కబెట్టి ఏడాదికి ఒకటి చొప్పున 10 దాకా. ప్రభుత్వంలో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు 15 దాకా. ఆ సర్వీసు మార్కుల్లోనూ తేడా ఉంది. ఆరు నెలలకు గిరిజన ప్రాంతంలో రెండున్నర, పల్లెలో రెండు, పట్టణంలో ఒకటి. కాబట్టి ఊరికి దూరమని పీహెచ్‌సీ పోస్టును వదులుకునే ముందు ఈ లెక్క వేసుకోండి. సర్వీసు సర్టిఫికెట్ నోటిఫికేషన్‌లో చెప్పిన నమూనాలోనే, చెప్పిన అధికారి సంతకంతోనే తీసుకోండి. లెటర్‌హెడ్ మీద పొగడ్తలు రాయించుకున్న కాగితానికి మార్కులు పడవు. నోటిఫికేషన్ నోటిఫికేషన్‌కూ ఈ లెక్క మారవచ్చు, మీ చేతిలో ఉన్నదే ప్రమాణం.

ప్రైవేటులో జీతం లెక్క

ప్రకటనలో నెలకు 17,288 అని ఉందనుకోండి. అది సీటీసీ కావచ్చు, అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు. లోపల గ్రాస్ జీతం 15,000. కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, ఈఎస్‌ఐ 488 కూడా మీ ‘జీతం’లోనే కలిపి చూపించారు. ఆ 15,000 మొత్తం మీదా పీఎఫ్ లెక్క వేస్తే మీ వంతు 1,800, ఈఎస్‌ఐ 113 కోస్తారు. చేతికి వచ్చేది 13,087. పీఎఫ్, ఈఎస్‌ఐ మీ డబ్బే, మీ భద్రతే, అవి ఉండటం మంచిదే. కాకపోతే కర్నూలులో గది అద్దె కట్టేది 13,087 లోంచి. గ్రాస్ ఎంత, చేతికి ఎంత అని రెండూ అడగండి. గ్రాస్ 21,000 లోపు ఉంటే, ఈఎస్‌ఐ పరిధిలోకి వచ్చే సంస్థ అయితే ఈఎస్‌ఐ ఎందుకు లేదని అడిగే హక్కు మీకుంది. నియామక పత్రం లేకుండా ‘రేపట్నుంచి రా’ అంటే ఒప్పుకోకండి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు దాన్ని తప్పనిసరి చేశాయి.

కువైట్ కబురు వస్తే

కడప వైపు ఈ మాట చెప్పకపోతే సలహా సగమే. ‘కువైట్ ఆసుపత్రిలో ల్యాబ్ ఉద్యోగం’ అని ఏజెంట్ చెబితే ముందు వీసా అడగండి. షూన్ వీసానా, ఖాదీం వీసానా? షూన్ అంటే కంపెనీ పని వీసా, ఖాదీం అంటే ఇంటిపని వీసా. ఖాదీం మీద వెళ్లి ల్యాబ్‌లో పని చేయడం అక్కడ చట్టవిరుద్ధం. షూన్ అయినా కంపెనీ పేరు చూడండి. క్లీనింగ్ కంపెనీ వీసా మీద ఆసుపత్రిలోకి పంపితే మీరు ఉద్యోగం చేసేది ల్యాబ్ గదిలోనే, చేతిలో ఉండేది మాత్రం తుడుపుకర్ర. నిజమైన టెక్నీషియన్ పోస్టుకు అక్కడి ఆరోగ్య శాఖ లైసెన్సు కావాలి. సర్టిఫికెట్లను యూనివర్సిటీ నుంచే నిర్ధారించుకునే డేటాఫ్లో పరిశీలన, కంప్యూటర్ మీద రాసే పరీక్ష, ఎంబసీ అటెస్టేషన్ లాంటి మెట్లు దాటాలి. ఇవేవీ అక్కర్లేదని ఏజెంట్ అన్నాడంటే ఆ పోస్టు టెక్నీషియన్‌ది కాదు. లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంట్ సర్వీసు చార్జీగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఏజెంట్ పేరు ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు.

చేరే ముందు ఒకసారి లోపలికి

ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు పని చేసే గది చూపించమని అడగండి. రక్తం దగ్గర పని అయితే పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలు వేర్వేరుగా ఉన్నాయా, సూదులు గట్టి డబ్బాలో వేస్తున్నారా చూడండి. హెపటైటిస్-బీ టీకా మూడు డోసులు ఎవరు వేయిస్తారో అడగండి. సూది గుచ్చుకుంటే సబ్బుతో, పారే నీళ్లతో కడిగి, గంటల్లోనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, 72 గంటలు దాటితే ఫలం ఉండదు. ఆ మందు ఎక్కడ దొరుకుతుందో మొదటి రోజే తెలుసుకుని ఉండాలి. సిమెంటు, ఖనిజ ల్యాబ్‌లు అయితే దుమ్ము లాగే ఏర్పాటు, మాస్కులు ఉన్నాయా చూడండి. యురేనియం దగ్గర అయితే ఒంటి మీద పడిన రేడియేషన్‌ను నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జి మీ పేరు మీద ఇస్తారా, దాని రీడింగు మీకు చూపిస్తారా? ఈ ప్రశ్నలకు చిరాకు పడే చోట చేరకపోవడమే మేలు.

మీ ఇంటికి విలేకరి వచ్చినప్పుడు

ఎమ్మిగనూరు అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. డీడీ పోతే పోయిందని, బీఎస్సీ కెమిస్ట్రీకి దారి ఎటో చూసుకుని సిమెంటు ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాడు. చేరిన వారానికే ఊరి విలేకరి ఫొటో అడిగాడట. వాళ్ల నాన్న మళ్లీ ఫోన్ చేశాడు. “సార్, శాస్త్రవేత్త అని రాస్తానంటుండాడు, రాయించుకోవల్నా?” అని.

వద్దన్నాను. నాలుగు మాటలు చెప్పి రాయించమన్నాను. సంస్థ పేరు, విభాగం పేరు, పోస్టు పేరు, ఎన్నాళ్ల శిక్షణ. “సిమెంటు కంపెనీ క్వాలిటీ కంట్రోల్ విభాగంలో ట్రైనీ కెమిస్ట్, ఏడాది శిక్షణ. అర్హత బీఎస్సీ కెమిస్ట్రీ.” ఇంత చిన్న వార్త ఎవరు చదువుతారని ఆయనకు దిగులు.

చదివేవాళ్లు ఉన్నారు. ఆ పక్క ఊళ్లో ఇంకో ఇంట్లో కెమిస్ట్రీ డిగ్రీ పట్టుకుని కూర్చున్న పిల్లవాడు ఒకడు ఉంటాడు. శాస్త్రవేత్త అని పడితే వాడు ఫొటో చూసి పేజీ తిప్పేస్తాడు. అర్హత బీఎస్సీ కెమిస్ట్రీ అని పడితే ఆ ముక్క చించి జేబులో పెట్టుకుంటాడు.